ఉగ్రాణములో గాజుసీసాలు

కార్తీకమాసము వచ్చినదన్నచో తిరుపతి, చిత్తూరు ప్రాంతముల గృహిణులకు దిగులంతయు ఉగ్రాణమును గూర్చియే. వేసవిలో పప్పులు, మిరపకాయలు, వడియములు పెళపెళలాడుచుండును. ఈశాన్యపు గాలితో వాన పట్టిన మూడవనాటికి ఉప్పు చెమర్చును, బెల్లము కారును, అప్పడము మెత్తబడును, రవ్వలో పురుగు గూడు కట్టును. ఇట్టి దినములకై గాలి చొరని గాజుసీసాలు కొనుట మంచిదా, ఎట్టివి కొనవలెను, తక్కువ వెలకు దొరకునవి పనికివచ్చునా యని ఇరుగుపొరుగు సోదరీమణులు మమ్ము తరచుగ నడుగుచుందురు. ఈ విషయమున మేము ఆలోచించి తెలిసికొన్నది కొంచెము. పొరపాటు చేసి తెలిసికొన్నది హెచ్చు. ఆ రెండును ఇచట వ్రాయుచున్నాము.

మొదట మన పూర్వపద్ధతులను తలచుకొందము. రాయలసీమలో ధాన్యమును భూమిలో పాతర వేయు ఆచారముండెడిది. గోతిలో గడ్డి పఱచి, గింజలు పోసి, పైన మన్ను కప్పి పూడ్చెడివారు. మూసిన ఆ గోతిలో గింజయు పురుగును ఊపిరి పీల్చుటచే ప్రాణవాయువు తరిగిపోయి పురుగు నశించెడిది. కావున గాలి చొరని పాత్రయొక్క మర్మము మనవారికి క్రొత్త కాదు. ఇక ఊరగాయలకు పింగాణి జాడీలు, వాని మూతిపై గుడ్డతో వాసెన. విత్తనములకు ఎండిన సొరబుఱ్ఱలు. పప్పులకు మట్టి బానలు. మట్టిబాన చెమ్మను పీల్చును, విడుచును. లోన పోసినది ఒకింత పచ్చిగా నున్నను ఆరిపోవుటకు దారి యుండెడిది. ఈ యొక్క మాటను చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. దీనితో ముందు పని యున్నది.

తరువాత రేకుడబ్బాలు వచ్చినవి. అవి త్రుప్పు పట్టినవి. వాని పిమ్మట ప్లాస్టిక్కు డబ్బాలు వచ్చినవి. ఇవి తేలికయైనవి, పగులవు, చవుక. కాని ఇంగువ పోసిన డబ్బాలో మరల పంచదార పోయుటకు వీలులేదు. నూనెజిడ్డు పట్టినచో ఎంత తోమినను వదలదు. అందుచే 2021వ సంవత్సరము దసరాకు మాయింటి ఉగ్రాణమునంతయు గాజుమయము చేయవలెనని మేమిద్దరు తోడికోడండ్రము నిశ్చయించుకొంటిమి. గాంధీరోడ్డు అంగళ్ళలో వెదకి, వెదురుమూతలు గలవి కొన్ని, తీగె బిగింపు గలవి కొన్ని కొని తెచ్చితిమి. వరుసగా పేర్చి చూచుకొని మురిసితిమి. మా అత్తగారును వచ్చి చూచిరి. ఒక సీసాను వెలుతురున కెత్తి, త్రిప్పి, “సీసా బాగుందమ్మా. లోపల పోసేది ఎండిందో లేదో, అది చూసుకోండి” అనిరి. గాలియే చొరని సీసాకు ఈ చాదస్త మెందులకని మేము లోలోపల నవ్వుకొంటిమి.

ఆ యేడు దీపావళి వెళ్ళిన వెంటనే పాకాల వైపునున్న మా పొలమునుండి క్రొత్త వేరుసెనగలు, అనగా మనసీమ చెనిక్కాయలు, వచ్చెను. అప్పటికే ఆకాశము మూసికొని యున్నది. ఒకపూట ఎండ, రెండుపూటల ముసురు. కాయలు వలిచి, మిద్దెమీద రెండుదినములు ఆరబోసితిమనిపించి, పెద్ద సీసాలలో నిండ పోసి బిగించితిమి. ఎండబెట్టుటలో లోపమున్నను సీసాయే కాపాడునని మా ధైర్యము.

నవంబరు 18వ తేదిన తిరుపతిలో కురిసిన వాన ఎవరును మఱచునది కాదు. వీథులు కాలువలైనవి. స్వర్ణముఖి పొంగెను. రాయలచెరువు కట్టకు గండి పడునేమో యని దిగువ పల్లెలవారిని ఇండ్లు ఖాళీచేయించిరి. మా వీథిలోని నీరు గడప దాటి ఉగ్రాణమున మోకాలి క్రిందివరకు వచ్చెను. గోనెసంచిలోని బియ్యము, క్రింది బల్లమీది కాగితపు పొట్లములు, రేకుడబ్బాలోని రాగిపిండి, అన్నియు పోయినవి. పై బల్లలమీది గాజుసీసాలు మాత్రము చెక్కుచెదరక నిలిచియుండెను. వాని చూచి మా గర్వము మఱింత హెచ్చెను.

మాయింటి బిడ్డకు అప్పుడు ఏడాది నిండినది. దానికి జావకై రాగులు, పెసలు, చెనిక్కాయలు వేయించి పొడిచేయుట వాడుక. వాన వెలసిన వారమునకు ఆ పొడి అయిపోయినందున చెనిక్కాయల సీసా తీగె విప్పితిమి. గింజలు చూపునకు బాగుగనే యున్నవి. మూకుడు పొయ్యిమీద పెట్టి, గింజలు చేటలో పోయుచుండగా వాసన కమటుగా నున్నదని అత్తగారు దగ్గరకు వచ్చిరి. చేట వెలుతురునకు జరిపి, వ్రేళ్ళతో కెలికి, అడుగునుండి వచ్చిన గింజలను వేఱుచేసిరి. వానిపై పసుపుపచ్చని, ఆకుపచ్చని నూగు వంటి బూజు. “బిడ్డకు పెట్టే దానికి ఇదా!” యని ఆ చేటనట్లే యెత్తుకొనిపోయి గోతిలో పోసి పూడ్చిరి. అంతకుమించి యొక్కమాట యనలేదు. ఆ దినము మాకు నోట ముద్ద దిగలేదు. వేయించి పొడి చేసియున్నచో ఆ బూజు కంటికే కనబడియుండదు గదా.

ఆ బూజు సామాన్యమైనది కాదని తరువాత చదివి తెలిసికొంటిమి. చెమ్మగల వేరుసెనగలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు మేతలోని వేరుసెనగపిండివలన చచ్చిపోగా, ఆ పరిశోధనలో ఈ విషము బయటపడినది. ఇది కాలేయమునకు కీడుచేయును. బహుకాలము లోనికి పోయినచో కాలేయమున కేన్సరు కలిగించును. వేయించినను ఉడికించినను పూర్తిగ నశింపదు. కావున బూజుపట్టిన గింజలను ఏరి మిగిలినవి వాడుకొందమనుట తగదు. అంతయు పారవేయవలసినదే. పశువులకును పెట్టరాదు.

లోపము సీసాది కాదు, మాదే. గింజ ప్రాణముగల వస్తువు. చెమ్మతో నున్న గింజ ఊపిరి విడుచును, వేడెక్కును, చెమర్చును. మట్టిబానయైనచో ఆ చెమట బయటికి పోవును. గాజు బయటి తేమను లోనికి రానీయదు, లోని తేమను బయటికి పోనీయదు. ఎండినదానిని పోసినచో ఎండినట్లే కాపాడును; పచ్చిదానిని పోసినచో ఆ పచ్చిదనమునే కాపాడును.

1810లో ఫ్రాన్సు దేశీయుడగు నికొలా అప్పేర్ ఆహారమును గాజుసీసాలలో నిలువచేయు తన పద్ధతిని ప్రకటించి ప్రభుత్వమువలన 12,000 ఫ్రాంకుల బహుమానమును పొందెను. 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ అను రేకుపనివాడు సీసామూతికి మరచుట్లు పెట్టుటకు పేటెంటు పొందెను. మన ఉగ్రాణమునందలి మరమూత సీసాలకు అదియే మూలము. కాని అప్పేర్ సీసాను బిరడాతో బిగించి ఊరకుండలేదు. మరగు నీటిలో చాలసేపు కాచెను. లోనున్న సూక్ష్మజీవులను చంపినది ఆ కాచుటయే. మూత చేసిన పని క్రొత్తవి రాకుండ కాపాడుట మాత్రమే. మనము పప్పులను కాచి పోయుట లేదు. మనకు ఆ పని ఎండ చేసిపెట్టవలెను.

కాబట్టి సీసా కొనుటకు ముందు మిద్దెమీద చాప పఱచుడని మా మొదటి మనవి. పప్పులు, గింజలు పలుచగా పఱచి ఎండబెట్టవలెను. వేరుసెనగకాయ చెవిదగ్గర ఊపిన గలగలలాడవలెను. గింజను విఱచిన పటుక్కుమనవలెను. ఎండలోనుండి తీసిన వేడిమీదనే సీసాలో పోయరాదు. ఆ వేడికి ఆవిరి పుట్టి సీసాగోడలకు చెమటపట్టును. నీడలో చల్లార్చిన పిమ్మటనే పోయవలెను. వానాకాలమున ఎండ దొరకనిచో నూకలు, రవ్వ, పప్పుల వంటివానిని గట్టి సంచిలో కట్టి, మంచుగట్టు పెట్టెలో నాలుగైదు దినములుంచిన పురుగులును, వాని గ్రుడ్లును చచ్చును. అటుపిమ్మట సంచి విప్పక, గదివేడికి వచ్చువరకు ఆగవలెను. లేనిచో చల్లని గింజలపై తేమ పట్టును. ముక్కుపురుగు గ్రుడ్డు గింజలోపల నుండును. పుచ్చుపురుగు గ్రుడ్డు పప్పుగింజపై నంటియుండును. అంగడినుండియే మనతో వచ్చు ఈ అతిథులను ఏ మూతయు ఆపజాలదు.

ఇక సీసాల సంగతి. మన ఉగ్రాణమునకు మామూలు గాజు చాలును. మరుగుచున్న దానిని పోయుటకు, పొయ్యిమీద పెట్టుటకు బోరోసిలికేటు గాజు కావలెను. దాని వెల హెచ్చు. పప్పులకు, పొడులకు ఆ ఖర్చు వృథా. మామూలు గాజుసీసాలో వేడి చారో, వేడి నూనెయో పోసినచో పగులునని మాత్రము మఱవరాదు. గాజునకు హెచ్చువెల నీయక, ఆ డబ్బును మూతపై పెట్టుడు. సీసా గట్టితనమంతయు మూతయందున్నది.

మూతలలో మేము వాడి చూచినవి నాలుగు రకములు. మొదటిది, లోన మెత్తని పొరగల రేకు మరమూత. అన్నిటికంటె చవుక, ఎండుసరకులకు చక్కగ పనికివచ్చును. ఉప్పు, చింతపండు, ఊరగాయ తగిలిన త్రుప్పుపట్టును. రెండవది, రబ్బరు చుట్టతో తీగె బిగింపు గల గాజుమూత. పులుపునకు, ఉప్పునకు మంచిది. రబ్బరు గట్టిపడి బీటలు వాఱినచో బిగువు పోవును. ఆ చుట్ట విడిగా దొరకునా యని అంగడివానిని అడిగి మఱీ కొనుడు. మూడవది, సిలికోను చుట్టతో వెదురుమూత. చూపునకు సొగసు. కాని వానలో ఉబ్బును, నీట నానవేసి కడుగరాదు. మేము కొన్నవానిలో రెండు మూడు వానాకాలములకే వదులయ్యెను. నాలుగవది, లోన మెత్తని చుట్ట గల ప్లాస్టిక్కు మరమూత. సొగసు లేదు, పని మాత్రము నమ్మకముగ చేయుచున్నది. వెదురుమూత సీసా యొక్కదాని వెలకు ఇట్టివి మూడు మాకు వచ్చినవి. చుట్ట ఏమియు లేక పైన పెట్టు గాజుమూత గల మిఠాయిఅంగడి సీసాలు గాలి చొరనివి కావు. అవి దినదినము ఖాళీయగు వస్తువులకే తగును.

అంగడిలోనే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. సీసా అంచుచుట్టును వ్రేలితో మెల్లగ తడిమి, పెచ్చు లేదని చూచుకొనవలెను. బల్లమీద బోర్లించి, ఊగుచున్నదేమో చూడవలెను. ఊగినచో అంచు సమముగ లేదన్నమాట. తీగె బిగింపు సీసాయైనచో సన్నని కాగితపు ముక్కను మూతకు అంచునకు నడుమ నుంచి బిగించి, లాగి చూడవలెను. నాలుగు దిక్కులను కాగితము గట్టిగ పట్టుకొనవలెను. ఇంటికి తెచ్చిన పిమ్మట సగమువఱకు నీరు పోసి, బయట తుడిచి, పొడి కాగితముపై ఒకపూట బోర్లించిన కాగితము తడియరాదు. అంతకంటె గట్టి పరీక్ష మరియొకటి. వానదినములలో కరకరలాడు అప్పడపు ముక్క నొకదానిని సీసాలో వేసి బిగించి, మరియొకదానిని బయట పళ్ళెమున నుంచుడు. బయటిది మెత్తబడిన వారమునకును లోనిది విఱుగుచున్నచో ఆ సీసాను నమ్మవచ్చును.

డబ్బు ఖర్చులేని సీసాలును ఇంట నుండును. హార్లిక్సు, కాఫీపొడి, తేనె, ఊరగాయలు వచ్చిన సీసాలను మన తల్లులు ఏనాడును పారవేయలేదు. గోరువెచ్చని నీట నానవేసిన కాగితము ఊడును. గాజునకు వాసన నిలువదు గాని మూతలోని పొరకు నిలుచును. కావున ఊరగాయ సీసా మూతను పంచదారకు వాడరాదు. మూత నొక్కుకొన్నను, లోపొర లేచినను అదియు ఎండుసరకులకు పనికిరాదు. ఏ సీసానైనను ముందుదినమే కడిగి, బోర్లించి నీరు కార్చి, పిమ్మట నిలువబెట్టి ఎండలో లోనంతయు ఆరనీయవలెను. బోర్లించియే యుంచిన లోని ఆవిరి లోననే నిలుచును.

సీసాల పరిమాణమును ముందుగ లెక్కించుకొన్న సొమ్ము మిగులును. ఒక లీటరు సీసాలో బియ్యమైనచో సుమారు 800 గ్రాములు పట్టును; పిండియైనచో 500 మొదలు 600 గ్రాముల వఱకు. నెలకు రెండు కిలోల కందిపప్పు వాడు ఇంటికి పెద్దసీసా ఒక్కటి కొనుటకంటె లీటరు సీసాలు మూడు కొనుట మేలు. ఒకదానిని దినమును తెఱచుచున్నను తక్కినవి కదలక యుండును. నిండుగ పోసిన సీసాలో గాలి తక్కువ, పురుగునకు ఊపిరి తక్కువ, పాతరలోని మర్మమిదియే. సగము ఖాళీయై దినమునకు నాలుగుమార్లు తెఱచు సీసా ఎంత గట్టిదైనను గాలి చొరనిది కాదు. తడి గరిటె పెట్టుట దానికి మృత్యువు.

కారము, పసుపు, కాఫీపొడి వెలుతురున రంగును వాసనను కోల్పోవును. వాని గాజుసీసాలను తలుపులు గల అలమరలో నుంచవలెను, లేదా పైన గుడ్డసంచి తొడుగవలెను. బరువైన సీసాలను ఎత్తుబల్లలపై పేర్చుట ప్రమాదము. పిల్లలున్న యింట మఱియు ప్రమాదము. నడుము ఎత్తు బల్ల వీనికి తగినది. నీరు చొచ్చు పల్లపు ఇండ్లవారికి ఇంకొక మాట. వరదనీట మునిగిన మరమూత సీసాలోని ఆహారమును, లోన పొడిగనే కనబడినను, వాడరాదు. మర సందులలో మురికినీరు నిలుచును. మూత విప్పగనే అది లోనికి జాఱును. మా సీసాలు పై బల్లలపై నుండుటచే ఆ నష్టము మాకు తప్పినది. ప్రతి సీసాపై సరకు పేరును, పోసిన తేదిని వ్రాసి అంటించుట మఱవకుడు.

ఇప్పుడును మాయింట గాజుసీసాలే యున్నవి. వెదురుమూతలవి అగరువత్తులకు, సూదిదారములకు పోయినవి. సాదా మరమూతలవి ఉగ్రాణమున కొలువైనవి. ఆనాటి బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నది. చెనిక్కాయల ఊరుబిండి లేనిదే సంగటి ముట్టదు. క్రొత్తకాయలు వచ్చినప్పుడెల్ల మేము సీసాలు కడిగి ఎండబెట్టి, కాయ నొకదానిని చెవిదగ్గర ఊపి విందుము. మాకు నమ్మకము చాలక అత్తగారి చెవిదగ్గరను ఊపుదుము. వారు “ఇంకొక ఎండ కాయనీండి” యన్నచో కాయలు మరల మిద్దె యెక్కును. సీసాలు ఖాళీగనే వేచియుండును.